వేళ్లకు తెలిసే కీబోర్డు

విడవలూరు,
9 ఏప్రిల్ 2025.

తమ్ముడు జడ్సన్‌కు అక్క అబిగయీలు రాసేది. ఆ రొయ్యల ఫ్యాక్టరీ ఐసు గదుల్లో నీకు జలుబు చేయకుండా చూడమని రోజూ ప్రార్థనలో ప్రభువును విసిగిస్తున్నాను. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం.

కవరు చూడగానే నీ గుండె ఝల్లుమని ఉంటుంది. మన ఇంట్లో ఉత్తరం వచ్చిందంటే పోట్లాట వచ్చినట్టే కదా. నాయన పెట్టి పోయిన పద్ధతి మరి. "నోటితో అన్న మాట వెనక్కి రాదు, కాగితం మీద రాసిందైతే తెల్లారి చించి పొయ్యిలో పెట్టొచ్చు" అనేవాడు. పోట్లాట ఉంటే రాయాలి. రాసింది ఒక రాత్రి బైబిలు కింద పెట్టాలి. పొద్దున చదువుకుని, అప్పటికీ పంపాలనిపిస్తే పంపాలి. మొన్న ఫోన్లో లాప్‌టాప్ మాట వస్తే "పాతదా?" అని నువ్వు గొంతు పెంచావు. నేను పెంచేలోపు అమ్మ ఫోను లాక్కుని "ఇంక కాగితాల మీద తేల్చుకోండి" అనేసింది. కాబట్టి ఫోన్లో అన్నం తిన్నావా, అక్కడ ఎండలెలా ఉన్నాయి అని మాట్లాడుకుందాం. లాప్‌టాప్ సంగతి మాత్రం ఇక్కడే.

రాత కోడి గీకినట్టుందని నవ్వకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతిని టైపు కోసం దాచిపెడుతున్నాను.

నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి చెప్తాను, ఎందుకంటే నువ్వు సగం విని కోప్పడతావు. జనవరిలో వెంకటాచలం దగ్గర ఆటో బోల్తా పడి, అద్దం దిగి నా కుడి మణికట్టు తెగి, డాక్టర్లు నరం కుట్టాక కూడా వకీలు జయరామయ్య గారు నా టైపిస్టు ఉద్యోగం తీసెయ్యలేదు. నా బదులు రెజీనాను పెట్టుకున్నారు, మన చర్చి అమ్మాయే. టైపు నెమ్మది, నవ్వు ఎక్కువ. వేసవి సెలవులయ్యాక కోర్టులు తెరిచిన రోజు నన్ను రమ్మన్నారు. ఆయన నడుస్తూ దావా చెప్పుకుంటూ పోతారు, నేను కొట్టాలి. అందుకోగలిగితే కుర్చీ నాది, లేకపోతే రెజీనాది. "ఆఫీసు కంప్యూటర్ ఆ అమ్మాయి చేతికి అలవాటైంది, నీ చేతికి ఏది ఒదిగితే అది తెచ్చుకో" అని కూడా అన్నారు. చదువైన దగ్గర్నుంచి నేను చేసిన పని టైపు ఒక్కటే. అదీ పోతే పొద్దున లేచి తల దువ్వుకోవడం ఎందుకో కూడా నాకు తెలియదు.

నెల్లూరులో రెండు చోట్లా చూశాను. పెద్ద షోరూములో కొత్తవన్నీ అప్పడాల్లా ఉన్నాయి. కీ మీద వేలు పెడితే అది దిగిందో లేదో తెలియదు, బల్ల మీద వేలు పెట్టినట్టుంటుంది. తర్వాత శివ కొట్టుకి పోయాను. ఆఫీసుల వాళ్లు తీసేసిన లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతాడు. అక్కడ నల్లగా, ఇటుకంత లావుగా ఒకటుంది. కీ నొక్కితే కింద దాకా దిగి, టక్కుమని వేలిని పైకి తంతుంది. మన టైపు ఇనిస్టిట్యూట్ మిషను గుర్తొచ్చింది. ఒక పేరా కొట్టి లేచేసరికి ఏడుపొచ్చింది రా, సంతోషంతోనే. ఈస్టరు దాకా ఎవరికీ అమ్మనని శివ మాటిచ్చాడు.

నువ్వు కొనిపెడతానన్నావు, కాదనను. కానీ అదే కొను. చెయ్యి బాగానే ఉంది, దాని గురించి ఇంక అడగొద్దు.

మీ అక్క,
అబిగయీలు


దొరవారిసత్రం,
13 ఏప్రిల్ 2025, మట్టల ఆదివారం.

అక్కా,

గుడి నుంచి వచ్చి రాస్తున్నాను. చేతిలో ఇంకా ఈత మట్ట ఉంది. మనసులో మాత్రం హోసన్నా లేదు.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు ఒకటే అర్థమవుతోంది. తమ్ముడి జేబు తడుముతున్నావు. షోరూముకి పోయావు, ధర చూశావు, నా మొహం గుర్తొచ్చింది, శివ కొట్టుకి పరిగెత్తావు. కీలు లోతుగా ఉన్నాయి, టక్కుమంటున్నాయి అని నాకు కథలు చెప్తున్నావు. కీ అంటే కీనే కదక్కా. కొత్తదానికైనా పాతదానికైనా అక్షరాలు అవే.

హాస్టల్లో నా గళ్ల చొక్కా నీకు గుర్తుందో లేదో, నాకుంది. ఊళ్లో గొప్పవాళ్లు వదిలేసిన బట్టలు పెట్టెలో వేసి చర్చికి ఇస్తే, చర్చి మనిద్దరం ఉన్న హాస్టలుకి పంపేది. పెట్టె విప్పిన రోజు నాకు ఆ చొక్కా వచ్చింది. బాగుందిరా, వేసుకో అని గుండీలు పెట్టింది నువ్వే. మర్నాడు బడిలో ఒకడు అందరి ముందు నా కాలరు తిప్పి లోపల దారంతో కుట్టిన వాడి పేరు చూపించాడు. "నా చొక్కా జాగర్తగా ఉతుక్కోరా" అన్నాడు. ఏడాదంతా బడిలో నన్ను వాడి పేరుతోనే పిలిచారు. ఆ రోజే అనుకున్నాను, నాకు జీతం వచ్చాక మన ఇంట్లోకి ఒకరు వాడి వదిలేసిన వస్తువు రానివ్వనని. అమ్మకి కుక్కరు కొన్నా, నీకు కుట్టు మిషను కొన్నా సీలు నీ చేత్తోనే తీయించాను. ఎందుకనుకున్నావు?

ఇప్పుడు నువ్వు ఎవడో వేళ్ల జిడ్డు అంటిన దాన్ని ఒళ్లో పెట్టుకుని వకీలు గారి ముందు కూర్చుంటానంటున్నావు. ఆయన ఏమనుకుంటాడు? తమ్ముడు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరని చెప్పుకుంటుంది, పాత ఇనుప సామాను తెచ్చుకుంది అనుకోడా?

ఈస్టరుకి వస్తున్నాను. వట్టి చేతులతో రాను. ఇంతకంటే రాయను.

నీ తమ్ముడు,
జడ్సన్


విడవలూరు,
16 ఏప్రిల్ 2025.

జడ్సన్,

వద్దు. ఉత్తరం అందగానే ఆగిపో. కొనొద్దు.

డబ్బు సంగతి కాదు రా నాయనా. నీ జేబు నాకెందుకు, అందులో ఎప్పుడూ బస్సు టికెట్లే కదా ఉండేది. చొక్కా నాకూ గుర్తుంది. నువ్వు ఏడుస్తూ వచ్చి నా లంగా పట్టుకున్నది కూడా గుర్తుంది. కానీ ఇది తొడుక్కునే వస్తువు కాదు, పనిముట్టు. కొడవలి కొనేవాడు పిడి పట్టుకుని చూస్తాడు గానీ కాగితం చుట్టి ఉందా అని చూడడు.

నొక్కినప్పుడు నొక్కానని నా చేతికి తెలియాలి. నాకు కావలసింది అదొక్కటే. ఎందుకని అడగొద్దు, పండక్కి వచ్చాక చెప్తాను. శివ కొట్టుకి ఇద్దరం కలిసి పోదాం. నువ్వే కొను, నువ్వే సంచి మొయ్యి, నీ మర్యాదకి ఏ లోటూ రాదు.

అక్క


విడవలూరు,
24 ఏప్రిల్ 2025.

జడ్సన్‌కు,

పోయిన వారం నేను వద్దని రాసిన ఉత్తరం ఇప్పుడు నీ క్వార్టర్స్ తలుపు కింద పడి ఉంటుంది. అది చేరేలోపే నువ్వు బస్సెక్కావు. అందుకని నిన్ను తిట్టడానికి సగం హక్కే ఉంది. ఆ సగమూ వాడుకుంటాను.

ఈస్టరు నాడు నువ్వు ఏం చేశావో నీకు తెలుసా? ఇంటికి కూడా రాకుండా నేరుగా గుడికి వచ్చావు. కొత్త లాప్‌టాప్ డబ్బా తెచ్చి ప్రభువు బల్ల దగ్గర పెట్టావు. పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించావు. కృతజ్ఞతార్పణ వేశావు. అక్కడితో ఆగినా బాగుండేది. సాక్ష్యం చెప్తానని లేచి "మా అక్క చెయ్యి ప్రభువు పూర్తిగా బాగుచేసినాడు, మునుపటికంటే మెరుగ్గా ఉండాది" అన్నావు. అందరూ హల్లెలూయ అన్నారు. ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు. నేను నవ్వాను. ఏం చెయ్యమంటావు? సాయంత్రానికి నువ్వు బస్సెక్కే దాకా ఇల్లంతా చుట్టాలే, నీతో ఒక్క మాట చెప్పే సందు దొరకలేదు.

ఇప్పుడు విను. నా చెయ్యి బాగుపడలేదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ మూడింటికీ స్పర్శ లేదు. కదులుతాయి, పట్టుకుంటాయి, కానీ ఏం పట్టుకున్నాయో నాకు చెప్పవు. పొయ్యి మీద గిన్నె తగిలి కాలినా వాసనొచ్చాకే తెలిసింది. కలం ఎంత గట్టిగా నొక్కుతున్నానో తెలియక కాగితాలు చించుకున్నాను. అందుకే ఎడమచేత్తో రాస్తున్నాను, దాచిపెట్టుకుని కాదు. నరం మెల్లగా వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టరు. ఆస్పత్రిలో నా మంచం పక్కన నువ్వు వెక్కి వెక్కి ఏడ్చావు. ఆ ఏడుపు మళ్లీ వినలేక "బాగానే ఉంది" అన్నాను. అమ్మకు కూడా తెలియదు.

శివ దగ్గరున్న ఆ లావు కీబోర్డు మీద నా వేలికి కీ తెలియదు గానీ, అది అడుగు తాకి తన్నినప్పుడు ఆ తాకిడి మణికట్టు దాటి మోచేతి దాకా వచ్చింది. వేలికి తెలియనిది ఎముకకు తెలిసింది. ప్రమాదం తర్వాత తెర వైపు చూడకుండా నేను కొట్టిన మొదటి పేరా అది. నీ కొత్తదాని మీద రోజూ సాధన చేస్తున్నాను. ఒక అక్షరం రెండుసార్లు పడుతుంది, ఒకటి అసలు పడదు. నాకు తెలియడం లేదు. కళ్లతో చూసుకుంటూ కొడితే వకీలు గారి మాట ఎప్పుడో దాటిపోతుంది.

ఇంకా ఉంది. నీ సాక్ష్యం రెజీనా కూడా వింది. మంచి పిల్ల, సంతోషంతో సోమవారమే వకీలు గారికి చెప్పేసింది. "అక్క చెయ్యి బాగైంది సార్, నేనింక ఆ కుర్చీలో కూర్చుంటే పాపం" అని మానేసి ఒంగోలులో పని చూసుకుంది. నిన్న ఆయన ఫోన్ చేశారు. సెలవులకు ముందే ఒక దావా వెయ్యాలట. జూను దాకా ఎందుకు, మే అయిదో తేదీ వచ్చేయమన్నారు. సరేనన్నాను. ఆ రోజు నేను అందుకోలేకపోతే ఆయన ఇంకొకరిని చూసుకుంటారు, పాపం, ఆయన పని ఆగదు కదా.

షోరూములో తిరిగిచ్చేద్దామని అమ్మతో అన్నాను. "దేవుని సన్నిధిలో పెట్టి ప్రార్థన చేసినదాన్ని మళ్లా అంగట్లో పెడతారంటే? నీ తమ్ముడి మనసు కష్టపెడతుండావు గదమ్మీ" అని, నేను సాధన చేసి లేవగానే దాని మీద తెల్లగుడ్డ కప్పి నాయన బైబిలు పక్కన పెడుతోంది. ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

అబిగయీలు


దొరవారిసత్రం,
27 ఏప్రిల్ 2025.

అక్కా,

ఈ ఉత్తరం బైబిలు కింద పెట్టను. పెడితే పొద్దున పంపను.

నన్ను దేవుడి ముందు అబద్ధికుణ్ణి చేశావు. నేనేమన్నా కలగన్నానా? "చెయ్యి బాగానే ఉంది" అని రాసింది ఎవరు? ఫోన్లో రోజూ అడిగితే "బ్రహ్మాండంగా ఉంది" అన్నది ఎవరు? అన్నీ దాచి, నేను లేచి నిలబడి చెప్తుంటే నవ్వుతూ కూర్చుని, ఇంటికి పోయి నన్ను తప్పు పడుతూ ఉత్తరం రాశావు. అమ్మకు తెలియదట, తమ్ముడికి తెలియదట, శివ కొట్లో కీబోర్డుకి మాత్రం తెలుసన్నమాట.

సరే, లాప్‌టాప్ సంగతి. దానికి విడిగా ఒక పెద్ద కీబోర్డు తగిలించుకోవచ్చు, నీకు కావలసినంత లోతుగా దొరుకుతుంది. లేదంటే కీల మీద ఏదైనా చుక్క అంటించుకో. వంద దారులున్నాయి, నీకు ఆ పాత ఇనుము ఒక్కటే దారి. నేను తెచ్చిందయితే చాలు, నీకు ఏదో ఒక వంక కనపడుతుంది.

ఇంకొకటి అంటాను, కోప్పడితే కోప్పడు. సంఘమంతా నీ చేతి కోసం హల్లెలూయ అన్నది. నువ్వు ఒక్కదానివే నమ్మలేదు. నీకు విశ్వాసం లేకనే ఆ వేళ్లు రావడం లేదేమో.

జడ్సన్


విడవలూరు,
30 ఏప్రిల్ 2025.

జడ్సన్,

నీది నిన్న అందింది. నాది నిన్న రాత్రి రాసి బైబిలు కింద పెట్టాను. పొద్దున చదివితే నాలుగు పేజీలుంది, చించేశాను. ఇది మిగిలింది.

నువ్వడిగిన దానికి జవాబు. విడి కీబోర్డు బల్ల మీద కుదురుతుంది. జయరామయ్య గారు బల్ల దగ్గర చెప్పేది తక్కువ. కారులో చెప్తారు, కోర్టు వరండాలో చెప్తారు, ప్లీడర్ల గదిలో నిలబడి చెప్తారు. నేను ఒళ్లో పెట్టుకుని కొట్టాలి. ఒళ్లో రెండు నిలవవు. చుక్క అంటించి చూశాను. అది ఉందని వేలికి తెలిస్తే కదా. తెలియకపోవడమే నా జబ్బు.

శివ కొట్టుకి పోయాను. ఈస్టరు దాటిందని అది ఎవరికో అమ్మేశాడు. తప్పు వాడిది కాదు. కాబట్టి నువ్వు గెలిచావు. సోమవారం నీ కొత్తది పట్టుకుని వెళ్తాను. అందుకోలేనని తెలుసు, అయినా వెళ్తాను. రానని ఫోన్లో చెప్పడం కంటే ఎదురుగా ఓడిపోవడం మర్యాద.

విశ్వాసం మాట. నాయన కాళ్లు పడిపోయిన ఏడాది మనం ఎంత ప్రార్థన చేశామో నీకు తెలుసు. ఆయనకు విశ్వాసం లేదని ఎవరూ అనలేదు. ఎవరైనా అని ఉంటే నువ్వే వాళ్ల మీదికి పోయేవాడివి. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. నా సొంత తమ్ముడే కాకి అవుతాడని అనుకోలేదు. ఎడమచేత్తో ఇంత రాయడం కష్టంగా ఉంది.

అక్క


నెల్లూరు బస్టాండు,
3 మే 2025, శనివారం.

అక్కా,

బల్ల లేదు, సంచి మీద పెట్టి రాస్తున్నాను. ఇదీ బైబిలు కింద పెట్టలేదు. పెట్టే వ్యవధి లేదు, పెట్టినా చించేది ఏమీ లేదు.

నీ ఉత్తరం నిన్న అందింది. జేబులో పెట్టుకుని షిఫ్టుకి పోయాను. కోపంగానే ఉన్నాను, అబద్ధం చెప్పను. ఎడమచేతి గ్లౌజుకి కన్నం పడిందని చూసుకోలేదు, కుడిది తడిసిందని తీసేశాను. రొయ్యల ట్రేలు ఐసులో సర్దుతూ ఉండిపోయాను. దిగాక చొక్కా గుండీ పెట్టుకోబోతే దొరకలేదు. వంగి చూస్తే గుండీ నా వేళ్ల మధ్యనే ఉంది. నేను దాన్ని పట్టుకునే ఉన్నాను, పట్టుకున్నట్టు నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఐసులో పనిచేస్తున్నాను, ఎన్నోసార్లు ఇలా అయింది. కాసేపు చంకలో పెట్టుకుంటే పోతుంది కాబట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. నీకు పోవడం లేదు కదక్కా. అక్కడే ట్రేల మీద కూర్చుండిపోయాను.

వేళ్లు వెచ్చబడక ముందే ఆఫీసు గదిలోకి పోయి, మేనేజరు గారి లాప్‌టాప్ అడిగాను. నేను నీకు కొన్నదాని లాంటిదే, సన్నటిది. కళ్లు మూసుకుని నా పేరు కొట్టాను. కొట్టాననుకున్నాను. కళ్లు తెరిస్తే ఒకే అక్షరం వరసగా సగం తెర దాకా ఉంది. మేనేజరు గారు నా మొహం చూసి ఇంటికి పొమ్మన్నారు.

ఈ పొద్దున థర్మాకోలు డబ్బా నిండా ఐసు వేసుకుని మొదటి బస్సుకి నెల్లూరు వచ్చాను. శివ కొట్టు ఇంకా తెరవలేదు. తెరిచాక డబ్బా కౌంటరు మీద పెట్టాను. "ఏందన్నా, చేపలు అమ్మేదానికొచ్చినావా?" అన్నాడు. నేను విడవలూరు అబిగయీలు తమ్ముణ్ణి, పాత లాప్‌టాప్‌లన్నీ తియ్యి అన్నాను. చేతులు ఐసులో పెట్టడం, కొయ్యబారాక ఒకదాని మీద నీ పేరు కొట్టడం, మళ్లీ ఐసులో పెట్టడం. కొన్నవాళ్లు పోక, కొత్తవాళ్లు వచ్చి కొట్టంతా నిండిపోయింది. ఒకాయన అయితే "ఇదేదో దీక్షనా?" అని అడిగాడు. శివ టీ తెప్పించి ఇస్తే గ్లాసు పట్టుకోలేక జారవిడిచాను. నవ్వినవాళ్లు కూడా నవ్వడం మానేశారు.

కొన్ని మెత్తగా ఉన్నాయి. కొన్ని దిగుతాయి గానీ తన్నవు. నువ్వు చెప్పిన తన్ను నాకు కావాలి. ఆఖర్న అడుగున పడి ఉన్నదొకటి తీశాడు. మూత ఒక మూల పగిలింది, బిజాగిరీ వదులుగా ఉంది. దాని మీద కళ్లు మూసుకుని నొక్కాను. వేలికి ఏమీ తెలియలేదు. మోచేతికి తెలిసింది. నీ ఉత్తరంలో రాసిన మాట అప్పుడు నాకు అర్థమైంది. కీ అంటే కీనే అని రాసిన నన్ను చెప్పుతో కొట్టాలి. నీ పేరు ఒక్క తప్పు లేకుండా పడింది. అక్కడే ఏడ్చాను, శివ కూడా కళ్లు తుడుచుకున్నాడు, వాడికెందుకో.

ఇంటికి తెచ్చి ఇవ్వాల్సింది. విడవలూరు బస్సు దాకా వచ్చి నిలబడ్డాను. నీకు విశ్వాసం లేదని రాసిన చేత్తో మన తలుపు కొట్టడానికి ధైర్యం చాల్లేదు. పక్కింటి ఫ్రెడ్డీ కనపడితే వాడి చేతికిస్తున్నాను. ఈ ఉత్తరం సంచిలోనే ఉంది. ఎవరో వాడినదే, తెలుసు. వచ్చే ఆదివారం వచ్చి గుళ్లో లేచి, నేను చెప్పింది తప్పు సాక్ష్యమని అందరి ముందూ చెప్తాను. సోమవారం నువ్వు కొట్టు అక్కా. ఊరికే కొట్టు, గెలిచినా గెలవకపోయినా.

ఇప్పటికి నొప్పి తెలిసిన,
నీ కాకి


విడవలూరు,
6 మే 2025.

కాకి గారికి,

చూశావా, అక్షరాలు ఎలా నిలబడ్డాయో. ఇది ఎడమచేత్తో రాసింది కాదు. రెండు చేతులతో, తెర వైపు చూడకుండా, నీ పగిలిన మూత లాప్‌టాప్ మీద కొట్టి నెట్ సెంటరులో ప్రింటు తీయించాను.

శనివారం ఫ్రెడ్డీ సంచి ఇచ్చి పోయాక నీ ఉత్తరం అమ్మ ముందే పైకి చదివాను. అలా మొత్తం ఆమెకు తెలిసింది. తర్వాత ఫ్రిజ్ తెరిచి ఐసు ట్రే తీసి అందులో తన వేళ్లు పెట్టుకుని కూర్చుంది. కూర్చుని కూర్చుని, తెల్లగుడ్డ కింద ఉన్న నీ కొత్తదాని దగ్గరికి పోయి ఒక కీ నొక్కింది. "ఇట్టుంటుందా అమ్మీ నీకు?" అంది. నేను తలూపాను. గుడ్డ తీసి మడిచి బీరువాలో పెట్టింది. నన్ను పట్టుకుని ఏడ్చింది, ఇన్నాళ్లూ చెప్పనందుకు వీపు మీద ఒక దెబ్బ కూడా వేసింది. ఆ దెబ్బ బాగానే తెలిసింది, వీపుకి స్పర్శ ఉంది.

ఆదివారమంతా కొట్టాను. బొటనవేలిని నమ్మకుండా స్పేస్ బారుకి ఎడమ బొటనవేలే వాడాను. నీది శివ దగ్గర నేను చూసినదానికంటే లోతు. అమ్ముడుపోయిందానికి ఇంక బాధ లేదు.

నిన్న సోమవారం జయరామయ్య గారి దగ్గరికి పోయాను. మొదట నిజం చెప్పేశాను. చెయ్యి బాగుపడలేదు సార్, మూడు వేళ్లకు తెలియదు, మీరు విన్నది నిజం కాదు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూసి "ఆ సంగతి కాగితం చెప్తుంది, కూర్చో" అన్నారు. పొలం గట్టు దావా. ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో ఒక కాలవ. ఆయన వరండా ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూ మొదలుపెట్టారు. మొదటి పేజీ దాకా నా వీపంతా చెమట. ఒకచోట కీ దిగకుండానే వేలు జారింది. జారిందని నాకు తెలిసింది జడ్సన్! తెలిసింది కాబట్టి వెనక్కి పోయి దిద్దుకుని మళ్లీ ఆయన్ని అందుకున్నాను. ఆయన ఒక్కసారి కూడా ఆగలేదు, ఆగమని నేను అడగలేదు.

ప్రింటు తీసి ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెడుతుంటే చూడలేక గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. చివరి పేజీ తిప్పి "ఏమ్మా, చెయ్యి బాగున్నప్పుడు కూడా ఇన్ని తప్పులే చేసేదానివి గదా" అన్నారు. కుర్చీ వైపు చెయ్యి చూపించి, రేపు ఇంకా పెందలాడే రమ్మన్నారు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు.

విశ్వాసం లేదని నువ్వు రాసిన ఆ మాట నాకు చాలా నొచ్చింది. ఇంకా కొంచెం నొప్పి ఉంది. లేదంటే మళ్లీ "బాగానే ఉంది" అని అబద్ధం చెప్పినట్టవుతుంది, ఆ పని ఇంక చెయ్యను. కానీ శివ కొట్లో జనం నవ్వుతుంటే చేతులు మళ్లీ మళ్లీ ఐసులో పెట్టావని చదివాక నీ మీద కోపం నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఆదివారం గుళ్లో నువ్వొక్కడివే నిలబడొద్దు. ఇద్దరం నిలబడదాం. నీది నువ్వు చెప్పుకో. వేళ్లు రాలేదు, పని మాత్రం తిరిగి వచ్చింది అని నాది నేను చెప్తాను. వాళ్లు హల్లెలూయ అంటారో లేదో వాళ్లిష్టం. కొత్త లాప్‌టాప్ అయ్యగారికి ఇద్దామంటోంది అమ్మ, పాటల ప్రింట్లకి పనికొస్తుందట. సీలు తీసింది నేనే కాబట్టి ఇచ్చేది కూడా నేనే.

మూత మీద ఎవరిదో పేరు గీసి ఉంది. చెరిపేద్దామని బ్లేడు తెచ్చి, మళ్లీ ఊరుకున్నాను. ఉండనీ. నీ గళ్ల చొక్కా గుర్తొచ్చింది. ఆ చొక్కా పెట్టెలో వేసినవాళ్లు అది నీకు సరిపోతుందా లేదా అని ఒక్కసారి కూడా తొడిగి చూడలేదు రా. నువ్వు నా వేళ్లు తొడుక్కుని చూసి తెచ్చావు.

ఆదివారం వచ్చేటప్పుడు ఐసు డబ్బా తే. అందులో ఈసారి రొయ్యలు ఉండాలి.

నీ అక్క,
అబిగయీలు